అమ్మ మొక్కు, నా ఈత

ఆగస్టు 3

దోర్నాల అటవీ చెక్‌పోస్టు దగ్గర ఆరింటికి గేటు ఎత్తారు. శ్రీశైలం బస్సుల కంటే ముందు నా సైకిలు. ఘాట్ ఎక్కి దిగి వచ్చేసరికి మా హోటల్లో ఇడ్లీ అయిపోయి దోసెలు నడుస్తున్నాయి. మా ఆయన పెనం మీద నీళ్ళు చల్లుతూ నా వైపు చూడలేదు. అర్థమైంది – అమ్మ ఫోన్ చేసింది.

"ఏమన్నది?"

"రోజూ అనేదే. నీళ్ళల్లో దిగినాదా అని."

దిగలేదు. ఫిబ్రవరి నుంచి దిగలేదు. పోటీ అక్టోబరు చివర. కాళ్ళు బాగున్నాయి, ఊపిరి బాగుంది. చేతులే... నీళ్ళను మరిచిపోతున్నాయి.

ఆగస్టు 4

కుదురు లేదు. గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ రోడ్డుకీ తిరుగుతున్నాను. ఆయన అన్నాడు – "పోయి ఇంగో రౌండ్ తొక్కిరా పో. నువ్వు ఇట్ల తిరుగుతా ఉంటే గిరాకీ భయపడతాది."

ఆగస్టు 6

ఇది ఒకసారి వరసగా రాసుకోవాలి. లేకపోతే తప్పు నాదేనేమో అనిపిస్తోంది.

ఫిబ్రవరిలో తూర్పు సముద్రం దగ్గర పోటీ. ముందు ఈత, నీళ్ళలోంచి లేచి సైకిలు, సైకిలు దిగి పరుగు. అమ్మ వస్తానంటే నేనే తీసుకుపోయాను. గొర్రెల వెంట అర్ధవీడు నుంచి గుంటూరు చేల దాకా నడిచిన మనిషే గానీ సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళందరికీ ఒకటే టోపీ, పసుపుది. కూత వేయగానే అందరం ఒక్కసారి అలల్లో పడ్డాం. అన్ని పసుపు టోపీల్లో నాది ఏదో అమ్మకు తెలియలేదు. ఇసుకలో కూలబడిపోయిందట. రెండు చేతులూ ఎత్తి మొక్కేసిందట – "గంగమ్మ తల్లీ, నా బిడ్డను బయటెయ్యి. మళ్ళా దాన్ని నీళ్ళల్లో దిగనియ్యను."

నేను బయటికి వచ్చాను. సైకిలు తొక్కాను, పరుగెత్తాను, ఆడవాళ్ళలో మొదటిదాన్నయ్యాను. ఈ పడమటి మండలాల నుంచి అంతదూరం పోటీకి దిగిన మొదటి మనిషిని నేనే, గెలిచిన మొదటి మనిషినీ నేనే. మెడలో పతకంతో అమ్మ దగ్గరికి పోతే, నా భుజాలు తడిమి తడిమి చూసి ఏడుస్తూ ఆ మొక్కు సంగతి చెప్పింది. గంగమ్మ తన మాట నిలబెట్టుకుంది కాబట్టి ఇక మన వంతు అట.

మొక్కింది ఆమె, మానుకోవలసింది నేను! ఎవరైనా తన జుట్టు ఇస్తానని మొక్కుకుంటారు, తను పస్తుంటానని మొక్కుకుంటారు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పిల్లల పేరున మొక్కేస్తారు. చిన్నప్పుడు నా జుట్టు ఇట్లాగే శ్రీశైలంలో ఎన్నిసార్లు ఇచ్చేసిందో. జుట్టయితే మళ్ళీ మొలిచింది.

ఆగస్టు 9

వాన లేదు. గాలి మాత్రం. ఈదురుగాలికి సైకిలు ముందుకు పోవడం లేదు. తిట్టుకుంటూ తొక్కాను.

ఆగస్టు 15

గిద్దలూరులో సన్మానం. జెండా ఎగరేశాక స్టేజీ, శాలువా, బొకే. మైకు పట్టుకున్న పెద్దమనిషి నా పేరు చెప్పి ఊపిరి తీసుకోకుండా పొగిడాడు – "మన కొత్త ప్రకాశం జిల్లా ఆణిముత్యం, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి సముద్రాన్ని ఈదిన అంకమ్మ!" ఇంతలో ఎవరికో బుద్ధి పుట్టి అమ్మను పైకి పిలిచారు. కన్నతల్లి రెండు మాటలు మాట్లాడాలట.

అమ్మ మైకును పామును చూసినట్టు చూసింది. తర్వాత గట్టిగా పట్టుకుంది.

"అందరికీ దండాలు. నా బిడ్డ ఇంక నీళ్ళల్లో దిగదు. గంగమ్మకు మాటిచ్చినా. ఇంతమందిలో చెప్తా ఉండా, మీరే సాచ్చికం."

చప్పట్లు కొట్టారు! జనం చప్పట్లు కొట్టారు. ఆ పెద్దమనిషి కూడా కొట్టాడు. నేను శాలువా కప్పుకుని పళ్ళికిలించి నిలబడ్డాను. నేల చీలితే బాగుండుననిపించింది.

ఆగస్టు 16

నిన్న బస్సులో కంభం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు నేనే అన్నాను – "అక్టోబరులో పడమటి సముద్రానికి పోతున్నా. ఫిబ్రవరిదానికి రెండింతల పోటీ ఇది."

"పోతావా?"

"పోతా."

"నన్ను అడిగినావా?"

"నువ్వు నన్ను అడిగి మొక్కినావా?"

సంచీ భుజాన వేసుకుని అర్ధవీడు ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆగస్టు 17

అట్లా అనకుండా ఉండవలసింది. అయినా అన్నది నిజమే.

ఆగస్టు 22

ఆయన ఫోన్లో ఏదో వెతికి తెచ్చాడు. నీళ్ళు లేని పోటీ కూడా ఉందట. పరుగు, సైకిలు, మళ్ళీ పరుగు. "దీనికి పోరాదా? మీ యమ్మ మాటా ఉంటాది, నీ మాటా ఉంటాది."

మంచివాడే. మంచివాడు గనకే కోపం ఎక్కువ వచ్చింది. ఉప్పు లేని పప్పు నువ్వు తింటావా అన్నాను. తింటాను, డాక్టరు చెప్తే తింటాను అన్నాడు. మాట పెరిగింది. పిండి రుబ్బే మిషన్ ఆన్ చేసి మాట వినపడకుండా చేశాడు.

ఆగస్టు 27

నాయన ఫోన్. మందను కొండ అంచు నుంచి దింపుతున్నాడట. అమ్మ గురించి నాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చివర్లో మాత్రం – "నీకు బాయిలో ఈత నేర్పింది నేనే గదమ్మీ. ఆ తిట్లు ఇంగా తింటా ఉండా."

నిజం. నడుముకు కిరసనాయిలు డబ్బా కట్టి బావిలోకి తోశాడు. పైన అమ్మ కేకలు. కింద నేను... ఒక్క మునక వేసి తేలగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

సెప్టెంబరు 2

దిగాను.

కంభం చెరువు. నాలుగు రోజుల నుంచి వానలు, రెండు కొండల మధ్య కట్టకు నీళ్ళు తగులుతున్నాయి. ఆయన ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మొదట ఊపిరి తడబడింది, నోట్లోకి బురద నీళ్ళు పోయాయి. తర్వాత చేయి, చేయి, ఊపిరి. చేయి, చేయి, ఊపిరి. అంతే.

ఒక సంగతి ఇవాళ తెలిసింది. నీళ్ళలో ఉన్నంతసేపు నాకు ఇంకెక్కడికీ పోవాలనిపించదు. ఈ తిరుగుడు, ఈ చిరాకు, ఈ గిన్నెలు కడిగినవే కడగడం – అంతా ఒడ్డున ఉన్నప్పుడే. ఇది అమ్మకు ఎట్లా చెప్పేది? చెప్పినా ఇంకా భయపడుతుంది. బిడ్డను గంగమ్మ ఆవహించింది అనుకుంటుంది.

సాయంత్రం అక్కడి నుంచే నేరుగా అర్ధవీడు, అమ్మ ఇంటికి పోయాను, తడి తలతో. దాచి ఈత కొట్టే వయసా నాది? అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి తల తాకింది. కొంగుతో తుడిచింది – గట్టిగా, గొర్రెపిల్లను తుడిచినట్టు. జొన్నసంగటి, గోంగూర పెట్టింది. తను తినలేదు.

సెప్టెంబరు 5

చెరువు.

సెప్టెంబరు 7

చెరువు. భుజం నొప్పి. బాగుంది ఈ నొప్పి.

సెప్టెంబరు 14

పొద్దున్నే నాయన ఫోన్. గొంతు మామూలుగా లేదు. గొర్రెలకు మూతులు వాచాయట, నాలుకలు నీలంగా మారాయట, కుంటుతున్నాయట. మేత ముట్టడం లేదు.

"మీ యమ్మ నిన్ను ఏమన్నా అంటే పట్టించుకోబాక" అన్నాడు. అనకముందే అట్లా అన్నాడంటే అప్పటికే చాలా అనుంటుంది.

సెప్టెంబరు 16

అర్ధవీడు వచ్చాను. దొడ్డి అంతా బురద. నేను ఒక్కొక్క గొర్రెను మోకాళ్ళ మధ్య పట్టుకుంటే నాయన పటిక నీళ్ళతో నోళ్ళు కడుగుతున్నాడు. అమ్మ రాగి అంబలి తాపుతోంది. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసి పోయాడు. వానాకాలం దోమలు తెచ్చే రోగం, ఏటా ఎక్కడో ఒకచోట వచ్చేదే అని చెప్పాడు.

డాక్టరు బండి మలుపు తిరగగానే అమ్మ – "దోమలంట. దోమలకు తెలుసా నువ్వు చెరువులో దిగినావని?"

"అమ్మా..."

"మాట తప్పినాం. తల్లి ఊరికే ఉంటాదా? ముందు మందను పట్టుకున్నాది. దీని తర్వాత ఎవురు?"

నాయన కసిరాడు. "పోయినేడు ఏ పిల్ల ఈదిందని వచ్చినాది? నోరు మూసి అంబలి తాపు."

అమ్మ నోరు మూసుకోలేదు. అంబలి తాపుతూనే ఏడ్చింది.

సెప్టెంబరు 17

నిన్న రాత్రి కొన్ని గొర్రెపిల్లలు పోయాయి, ఇవాళ మరికొన్ని. వంక పక్కన గుంట తీసి పూడ్చాం. అందులో ఒకటి నేను పోయినసారి వచ్చినప్పుడు నా చేతి వేళ్ళు చప్పరించింది.

నాకు భయమేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ వేసింది. డాక్టరు చెప్పింది నమ్ముతాను. వ్యాధికీ నా ఈతకూ సంబంధం లేదని తెలుసు. తెలిసీ, గుంటలో మట్టి వేసేటప్పుడు లోపల్లోపల గంగమ్మకు దండం పెట్టాను, ఇక చాలు తల్లీ అని.

సెప్టెంబరు 18

పోను. పోటీకి పోను.

సెప్టెంబరు 21

పోనని రాసి మూడు రోజులు. ఎవరికీ చెప్పలేదు. పడుకుంటే కాళ్ళు మంచం మీద వాటంతటవే పరుగెత్తుతున్నాయి. పోనని నిర్ణయించుకున్న మనిషికి హాయిగా ఉండాలి కదా... ఎందుకు లేదు?

సెప్టెంబరు 29

మంద తేరుకుంది. మిగిలినవి మేతకు పోతున్నాయి. నేను దోర్నాల వచ్చేశాను.

సెప్టెంబరు 30

మార్కాపురం దాకా సైకిలు. పలకల ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు పక్కన రాతి ముక్కల గుట్టలు, ఎండకు కళ్ళలో పొడుస్తున్నాయి. ఊరి మధ్యలో, మార్కాపురాన్ని జిల్లా చేయాలని టెంట్ వేసుకుని కూర్చున్నవాళ్ళు ఆపారు. మజ్జిగ ఇచ్చారు. ఒకాయన అడిగాడు – "తల్లీ, ఈసారి గెలిస్తే మార్కాపురం జిల్లా అని చెప్పు, ప్రకాశం అని చెప్పబాక." జిల్లా ఇంకా రాలేదు కదన్నా అంటే, "నువ్వూ ఇంగా గెలవలేదు గదా, రెండూ వస్తాయిలే" అన్నాడు.

నవ్వుకుంటూ తొక్కాను. చాలా దూరం వచ్చాక గమనించాను – పోవడం లేదని నేను అతనికి చెప్పలేదు.

అక్టోబరు 6

కంభం కట్ట మీద పరుగు. ఇటు చివర నుంచి అటు చివరకు, మళ్ళీ. నీళ్ళు నిండుగా ఉన్నాయి. చూడకుండా పరుగెత్తాలని చూశాను. మెడ తిప్పకపోయినా కన్ను తిరుగుతుంది.

అక్టోబరు 9

పోతాను. అంతే. పోకపోతే నేను ఎవరితోనూ మంచిగా ఉండలేను. అమ్మతో అసలు ఉండలేను.

అక్టోబరు 10

చెరువు గట్టు నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

"దిగుతున్నా అమ్మా. నీకు చెప్పి దిగుతున్నా."

అటువైపు గొర్రెల మెడగంటలు వినిపిస్తున్నాయి. పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. నేనూ పెట్టలేకపోయాను. ఫోన్ ఆయన చేతికిచ్చి దిగాను.

అవతలి కొండ దాకా పోయి తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన ఇంకా ఫోన్ చెవికి ఆనించుకుని అక్కడే ఉన్నాడు. నేను నిలబడగానే ఫోన్లోకి అన్నాడు – "వచ్చినాదత్తా. నడుం లోతులో నిలబన్నాది. ఆ... గట్టెక్కినాది." అప్పుడు పెట్టేసింది.

"మొత్తంసేపూనా?" అన్నాను.

"మొత్తంసేపూ. యాడిదాకా పోయినాది, తల కనపడతా ఉందా, చెయ్యి లేస్తా ఉందా... నాకు మంచినీళ్ళు తాగే సందు ఇయ్యలేదు."

తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకో తెలియదు. కోపం మాత్రం కాదు.

అక్టోబరు 11, 13, 14

చెరువు. ఫోన్. ఆయన చెబుతాడు, అమ్మ వింటుంది. నాతో మాట్లాడదు.

అక్టోబరు 17

ఇంటికి పోయాను. వారంలో ప్రయాణం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది నా సంగతి – పొమ్మనదు, వద్దనదు. చెరువులో దిగుతుంటే వింటుంది గానీ సముద్రం మాట ఎత్తితే లేచి పోతుంది.

నాయన చివరికి విసుక్కున్నాడు. "మొక్కింది నువ్వు, యినింది గంగమ్మ. దాన్ని ఆపేదానికి నేనెవర్ని, నువ్వెవురు? పోయి పూలు పెట్టి తల్లినే అడుగు."

మా వాళ్ళు ఏది తేలకపోయినా అదే చేస్తారు. దొడ్డి వెనక గంగమ్మ రాయి. రాయిని తడిపి కుడి పక్కన ఒక పువ్వు, ఎడమ పక్కన ఒక పువ్వు అంటిస్తారు. కుడిది ముందు పడితే తల్లి సరే అన్నట్టు, ఎడమది పడితే కాదన్నట్టు. మంద ఎటు తోలాలి అన్నదగ్గర నుంచి పెళ్ళిళ్ళ దాకా అట్లాగే తేలాయి. నా పెళ్ళి కూడా.

అమ్మ ఒప్పుకోలేదు.

"ఎందుకు అడగవు?" అన్నాను.

"అడిగితే చెప్తాది గదే."

"చెప్పాలనే గదా అడిగేది?"

"కాదంటే నిన్ను ఆపాల. నువ్వు ఆగే మనిషివా? సరే అంటే నా చేత్తో నిన్ను సముద్రంలోకి తోలాల." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పొద్దు అన్ని తలకాయల్లో నా బిడ్డ తలకాయ యాడుందో నాకు తెల్లేదు అంకీ. కన్నదాన్ని, నాకు తెల్లేదు."

ఇన్ని నెలలుగా మొక్కు, మొక్కు అని దెబ్బలాడుకున్నాం. అమ్మకు గంగమ్మ అంటే భయం కాదు, నన్ను గుర్తుపట్టలేకపోయానన్న బాధ. నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. టోపీ మీద గుర్తు పెట్టుకుంటానమ్మా అన్నాను, చిన్నపిల్లలా. అమ్మ నవ్వలేదు.

అక్టోబరు 20

సైకిలు విప్పి పెట్టెలో సర్దడం. ఆయనా నేనూ మూడుసార్లు సర్ది మూడుసార్లు తీశాం. పెడల్ ఒకటి బయటే మిగిలింది. నాకు నవ్వు, ఆయనకు చెమట.

అక్టోబరు 22

నిద్ర పట్టడం లేదు. ఎల్లుండి రైలు.

అక్టోబరు 24, మధ్యాహ్నం

కంభం స్టేషన్‌కు పోయే ముందు ఇంటికి వచ్చాం. చెప్పి పోదామని, అంతే. అమ్మ తలస్నానం చేసి ఉంది. చేతిలో రెండు ఎర్ర గన్నేరు పూలు.

"రా" అంది.

నేను కదలలేకపోయాను. ఆటో పైన సైకిలు పెట్టె, చేతిలో టికెట్టు. కాదంటే? నాయన పూలు పెట్టమన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు టికెట్టును మడత మీద మడత పెడుతున్నాను. నేను నమ్మనని అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అమ్మే రాయి కడిగింది, పసుపు రాసింది. కుడిది పెట్టింది. ఎడమది పెట్టింది. చేతులు జోడించి అడిగింది – "బిడ్డ నీళ్ళల్లో దిగాలంటాది. నేను దిగనియ్యనని నీకు చెప్పినా. ఏం జేద్దామో నువ్వే చెప్పు తల్లీ."

కూర్చున్నాం. నాయన చుట్ట ముట్టించి ఆర్పేశాడు. పూలు కదలలేదు. ఎండ రాయి మీదికి వచ్చింది. రాయి ఆరిపోతోంది, ఇప్పుడు పడాలి... పడలేదు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆయన గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు.

అమ్మ తల తిప్పకుండా అంది – "మీరు పోండి. రైలు నిలవదు. నేను కూచుంటా."

"పడకపోతే?"

"పడిందాకా కూచుంటా."

కాళ్ళకు దండం పెట్టాను. తల మీద చేయి పెట్టింది. పొమ్మని కాదు, వద్దని కాదు. ఊరికే పెట్టింది.

అక్టోబరు 24, సాయంత్రం, రైల్లో

గిద్దలూరు దాటాం. ఆయన సైకిలు పెట్టె గురించి టీసీతో మాట్లాడి వచ్చాడు. కిటికీ బయట అడవి మొదలైంది. లేస్తాను, తలుపు దాకా పోతాను, వస్తాను. ఎదుటి సీటు ముసలామె – "ఏందమ్మా, కడుపులో నొప్పా?" అని అడిగింది.

ఎల్లుండి పొద్దున సముద్రం.

నాయనకు ఫోన్ చేశాను.

"పడినాదా నాయనా?"

"లేదమ్మీ. గాలి లేచినాది ఈడ, వాన గాలి. మీ యమ్మ రాయి కాడనే ఉన్నాది. అన్నానికి కూడా లేవలేదు. కొంగు పరిచి అడ్డం పట్టుకున్నాది, గాలికి పువ్వు పడకుండా."

"ఏ పువ్వుకు నాయనా? కుడిదానికా, ఎడమదానికా?"

నాయన రాయి వైపు చూస్తున్నట్టున్నాడు.

"రెండిటికీ" అన్నాడు.

ఇంకేదో కూడా అన్నాడు. బోగీలో లైట్లు వెలిగాయి, రైలు సొరంగంలోకి పోయింది, సిగ్నల్ లేదు.